పాస్టరు గారు ఊరిలో లేని ఆరు రోజులు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న గ్రామం. నేను ఏడవ తరగతి వరకు చదువుకున్నాను, ఇంటి దగ్గరే కుట్టుపని చేసుకుంటాను. మా పాస్టరు గారు మూడు ఊళ్ల సంఘాలను చూసుకోవాలి కాబట్టి మా ఊరికి ఆదివారం మాత్రమే వస్తారు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామె ఈస్టరు తరువాత బాప్తిస్మం తీసుకున్నారు. ఆమెది వేరే వీధి, వేరే కులం. భర్త, అత్తగారు ఇంకా నమ్మలేదు. ఏ సందేహం వచ్చినా ఆమె నన్నే అడుగుతున్నారు. ప్రసాదం పెడితే ఏం చేయాలి, బొట్టు తీసేయాలా, ప్రార్థన చేసినా బాబుకు జ్వరం మళ్లీ ఎందుకు వచ్చింది, దేవుడు నన్ను విడిచిపెట్టాడా అని. ఇప్పుడు మూడు వారాలుగా ఆరాధనకు రావడం లేదు. ఏ బైబిలు శిక్షణా లేని నేను ఆమెకు చెప్పవచ్చా? తప్పు చెబితే ఆ దోషం నాకు రాదా? వెళ్లి అడగనా, పాస్టరు గారికే వదిలేయనా?

సమాధానం: ప్రియమైన సహోదరీ, ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీకు వందనములు.

మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. ఆమె దగ్గరకు ఈ వారమే వెళ్లండి. పాస్టరు గారికి అప్పగించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిని గురించి కింద రాస్తాను. అయితే ఆమె ఎందుకు రావడం లేదో కనుక్కోవడం, ఆమెతో కూర్చొని వాక్యం చదవడం, ఆమె బాధ వినడం వాటిలోకి రావు. ఆ పని మీది. సంఘంలో ఇంతమంది ఉండగా ఆమె మనసు విప్పి అడుగుతున్నది మిమ్మల్నే కాబట్టి, ఆ బాధ్యత ఇప్పటికే మీ చేతికి వచ్చిందని నేను నమ్ముతున్నాను.

తప్పు చెబితే దోషం వస్తుందేమోనన్న మీ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉంటుంది కనుక అనేకులు బోధకులు కావద్దని యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయంలో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక సంఘం ముందు నిలబడి అధికారంతో మాట్లాడేవారికి చేసినది, అది అలాగే ఉండాలి. అదే కొత్త నిబంధనలో, కొలొస్సయులకు రాసిన పత్రిక మూడవ అధ్యాయంలో, పౌలు సంఘంలోని అందరినీ ఉద్దేశించి ఒకరికొకరు బోధించుకోవాలని, బుద్ధి చెప్పుకోవాలని రాశాడు. హెబ్రీ పత్రిక అయితే ఆ పని ప్రతిదినము జరగాలని చెబుతుంది. ఆదివారం మాత్రమే వచ్చే ఒక కాపరి ప్రతిదినము జరగవలసిన పనిని ఒక్కరే చేయలేరని మీ ఊరి పరిస్థితిని బట్టే మీకు తెలుసు. మీరు ప్రసంగ వేదిక ఎక్కబోవడం లేదు. తెలిసినంత చెప్పడానికి, తెలియనిది తెలియదని ఒప్పుకోవడానికి, ఆమెతో కలిసి దేవుని మాట వినడానికి వెళ్తున్నారు. ఆ మూడింటికీ ఏ కళాశాల పట్టా అక్కరలేదు.

అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయంలో అననీయను గురించి లేఖనం చెప్పేది చాలా కొద్ది. "దమస్కులో అననీయ అను ఒక శిష్యుడుండెను." అక్కడ అపొస్తలుడని గాని, పెద్ద అని గాని లేదు. సంఘాన్ని హింసిస్తున్న సౌలు దగ్గరకు వెళ్లమని ప్రభువు చెప్పినప్పుడు అతడు కూడా భయపడ్డాడు, తన భయాన్ని ప్రభువు ముందు దాచుకోలేదు. తరువాత వెళ్లాడు, చేతులుంచాడు, "సౌలా, సహోదరుడా" అని పిలిచాడు. తరువాతి కాలంలో పౌలు అనే పేరుతో ఇన్ని పత్రికలు రాసిన ఆ సౌలుకు మొదటి రోజుల్లో దారి చూపినది ఈ సామాన్య శిష్యుడే. మరికొన్ని అధ్యాయాల తరువాత అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు కనిపిస్తారు. వారు డేరాలు కుట్టి బ్రతికేవారు. లేఖనములయందు ప్రవీణుడని పేరున్న అపొల్లో బోధలో కొంత లోటు ఉందని గ్రహించినప్పుడు, వారు అతనిని సభలో సరిదిద్దలేదు. అతనిని చేర్చుకొని, దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. కుట్టుపని చేసే మీరు ఈ భాగాన్ని, అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయాన్ని, ఒకసారి నిదానంగా చదవాలని నా కోరిక.

మీరు ప్రకాశం జిల్లా నుంచి రాశారు కాబట్టి మీ నేల చరిత్రను కూడా గుర్తు చేస్తాను. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి. ఒంగోలుకు దూరంగా ఉన్న తాళ్లకొండపాడులో ఆయన, ఆయన భార్య నాగమ్మ తమ బంధువులకు, చుట్టుపక్కల వారికి తాము తెలుసుకున్న క్రీస్తును గురించి చెబుతూ వచ్చారు. 1867 జనవరిలో మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వెళ్లేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. ఆ ప్రాంతపు బోధకులకు శిక్షణ ఇచ్చే రామాయపట్నం వేదాంత పాఠశాల మొదలైనది 1872లో. అంటే పాఠశాల పుట్టకముందే ఇరుగుపొరుగు మాటల్లో, ప్రయాణాల్లో విశ్వాసం వేళ్లూనింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సంఘాల్లో తరచుగా చెప్పుకుంటాము. ఆ రోజు బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. నాకు మాత్రం ఆ తరువాతి రోజులే ఎక్కువగా గుర్తుకు వస్తాయి. అంతమంది తమ తమ పల్లెలకు తిరిగి వెళ్లినప్పుడు వారికి ప్రార్థన నేర్పినది, కీర్తన నేర్పినది, జాతర వచ్చినప్పుడు తోడుగా నిలిచినది ఎవరు? చాలాచోట్ల పల్లె ఉపాధ్యాయులు, ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలు, ముందుగా నమ్మిన బంధువులు. వారిలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. బాప్తిస్మం ఒక రోజులో జరుగుతుంది, మిగతాది ఏళ్ల తరబడి ఇళ్లలో జరుగుతుంది.

ఇప్పుడు మీరు చేయగలిగిన దాని గురించి. వారంలో ఒకటి రెండు సార్లు, ఇద్దరికీ వీలైన వేళ, అరగంట చాలు. మీ కుట్టు మిషన్ దగ్గరే కూర్చోవచ్చు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. అందులో పదహారే అధ్యాయాలు, సంఘటనలు త్వరగా సాగుతాయి, యేసు ఎవరో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒక కూర్చోవడంలో ఒక్క సంఘటన చదివితే చాలు. చదివిన తరువాత మీరు వివరణ మొదలుపెట్టకముందే ఆమెను అడగండి. ఇక్కడ యేసు ఏం చేశాడు, అతని దగ్గరకు వచ్చినవారు ఏం కోరారు, ఇది వింటే నీకేమనిపించింది అని. ఆమె చెప్పే జవాబు తప్పుగా ఉన్నా వెంటనే అడ్డుకోవద్దు, అదే భాగాన్ని ఇంకొకసారి కలిసి చదవండి. చాలాసార్లు రెండవ చదువులో వాక్యమే సరిదిద్దుతుంది. ఆమెకు చదవడం రాకపోతే లేక మన బైబిలులోని పాత గ్రాంథిక భాష కొరుకుడు పడకపోతే, మీరు చదివి వినిపించండి. వాడుక తెలుగులో వచ్చిన అనువాదాలు ఉన్నాయి, ఫోనులో వినగలిగే తెలుగు బైబిలు కూడా ఉచితంగా దొరుకుతుంది. వంట చేసుకుంటూ ఒక అధ్యాయం విన్న స్త్రీ చదువు రాలేదని సిగ్గుపడనవసరం లేదు. మన పెద్దలలో అక్షరం రాని ఎంతోమంది కీర్తనలు కంఠస్థం చేసి, ఆ కీర్తనలలోని సిద్ధాంతంతోనే జీవితాంతం నిలబడ్డారు. ఒక కీర్తన నేర్పడం కూడా బోధించడమే.

ప్రార్థన విషయంలో ఒక్క జాగ్రత్త చెబుతాను. మన కూడికలలో కొందరు చేసే దీర్ఘ ప్రార్థనలు విని, అలా మాట్లాడడం రాదు కాబట్టి తన ప్రార్థన దేవుడు వినడని కొత్త విశ్వాసి అనుకుంటుంది. ఆమె ముందు మీరు చిన్న చిన్న మాటలతో, ఇంట్లో మాట్లాడే భాషలో ప్రార్థించండి. ప్రభువు నేర్పిన ప్రార్థనను ఇద్దరూ కంఠతా పలకండి. ఆమె రెండు వాక్యాలు పలికి ఆగిపోతే, అక్కడే ఆమేన్ చెప్పండి, మీరు అందుకొని పొడిగించవద్దు.

బాబు జ్వరం సంగతి మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే, కానీ అన్నిటికంటే బరువైనది అదేనని నాకు అనిపిస్తున్నది. మూడు వారాలుగా ఆమె రాకపోవడానికీ దీనికీ సంబంధం ఉండవచ్చు. ప్రార్థిస్తే తగ్గుతుందన్న నిరీక్షణతోనే మొదట సంఘానికి వచ్చినవారు మనలో చాలామంది ఉన్నారు, అది తప్పు కాదు. సువార్తలలోనూ జనులు తమ రోగులను తీసుకొనే యేసు దగ్గరకు వచ్చారు. అయితే ఆమెకు ఇప్పుడు ఎవరైనా, నీ విశ్వాసం చాలలేదు, ఇంట్లో ఏదో పాపం ఉంది, అని చెబితే, ఆ మాట ఆమెను ఏళ్ల తరబడి గాయపరుస్తుంది. మీరు ఆ మాట అనవద్దు, అన్నవారుంటే ఆమె వైపు నిలబడండి.

లేఖనం ఈ విషయంలో ఎంత నిజాయితీగా ఉందో ఆమెకు చూపించండి. పౌలు చేతుల ద్వారా ఎందరో స్వస్థపడ్డారు, అయినా తన తోటి పనివాడైన త్రోఫిము రోగియై ఉండగా అతనిని మిలేతులో విడిచి రావలసి వచ్చిందని ఆయనే రాశాడు. ఎపఫ్రొదితు చావుకు సిద్ధమయ్యేంత రోగియయ్యాడని ఫిలిప్పీ పత్రికలో ఉంది. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతల గురించి పౌలు ప్రస్తావించాడు. వీరెవరూ విశ్వాసం లేనివారు కారు. లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచిన ఆ అపొస్తలుడు వైద్యాన్ని చిన్నచూపు చూడలేదు. కాబట్టి బాబును తీసుకొని ఆమెతో పాటు మీరూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మళ్లీ మళ్లీ వచ్చే జ్వరానికి రక్త పరీక్ష చేయించాలి, డాక్టరు ఇచ్చిన మందులు చెప్పినన్ని రోజులు వేయాలి. వరుసలో ఆమె పక్కన నిలబడి మీరు మెల్లగా చేసే ప్రార్థన, ఆమెకు దేవుడు విడిచిపెట్టలేదని చెప్పే ఏ వివరణకంటే బాగా అర్థమవుతుంది. ఇంటికి వచ్చాక పదమూడవ కీర్తన చదవండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దావీదు అడిగాడు. ఆమె ప్రశ్నే అది. ఆ ప్రశ్నను దేవుడు తన గ్రంథంలోనే ఉంచాడని తెలిసినప్పుడు, తన సందేహం దైవదూషణ కాదని, దానిని ప్రార్థనగా చెప్పుకోవచ్చని ఆమె గ్రహిస్తుంది.

ప్రసాదం గురించి కొరింథు సంఘం కూడా అడిగింది, పౌలు మొదటి పత్రికలో ఎనిమిదవ అధ్యాయం నుంచి పదవ అధ్యాయం వరకు దానికి జవాబు రాశాడు. ఆ జవాబులో రెండు సంగతులు కలిసే ఉన్నాయి. దేవునికి తప్ప మరొకరికి చేసే ఆరాధనలో పాలు పంచుకోకూడదు. అలాగే, భోజనానికి పిలిచినవారి ఇంట వడ్డించినది విచారణ చేయకుండా తినవచ్చు, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవారి నిమిత్తం తినకుండా ఉండాలి. ఆమె అత్తగారు పూజ చేసి చేతిలో పెట్టినప్పుడు, ఆమె దానిని విసిరివేయడం గాని, అది దయ్యాలదని పెద్దామె ముఖం మీద అనడం గాని చేయకూడదు. "అత్తమ్మా, నేను యేసయ్యను నమ్ముకున్నాను, ఇది తీసుకోలేను, మీ మీద నాకు గౌరవం తగ్గలేదు" అని చేతులు జోడించి చెప్పవచ్చు. ఆ రోజు వంటపనిలో, వచ్చిన బంధువులకు వడ్డించడంలో మామూలుగా కంటే ఎక్కువ సాయం చేస్తే, ఆ మాటకు బలం వస్తుంది. ఒక్కోసారి ఆమె ధైర్యం చాలక తినవచ్చు, తరువాత ఏడుస్తూ మీ దగ్గరకు రావచ్చు. అప్పుడు నయమానును గుర్తు చేయండి. కొత్తగా దేవుని ఎరిగిన ఆ సైన్యాధిపతి, రాజుతో పాటు రిమ్మోను గుడిలో వంగవలసి వస్తుందని ఎలీషాతో తన ఇబ్బంది చెప్పుకున్నప్పుడు, ఆ ప్రవక్త అతనికి నియమాల పట్టిక ఇవ్వలేదు, నెమ్మది గలిగి పొమ్మన్నాడు. ఆ మాట రాజీపడడానికి అనుమతి అని నేను అనను. ఇప్పుడిప్పుడే నమ్మిన మనిషి ఇబ్బందిని దేవుడు ఎరుగును అని మాత్రం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

బొట్టు, గాజులు, పూలు, తాళి విషయాల్లో మన సంఘాల మధ్యనే ఏకాభిప్రాయం లేదు. సిలువ గుర్తుతో మంగళసూత్రం వేసుకునే క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి, నగలన్నీ తీసివేయాలనే సంఘాలూ ఉన్నాయి. మీ సంఘపు కట్టుబాటు ఏమిటో పాస్టరు గారిని అడిగి తెలుసుకోండి, ఆయన మాటకు విరుద్ధంగా ఆమెకు ఏదీ నేర్పవద్దు. అయితే నా అభిప్రాయం దాచుకోను. బాప్తిస్మం అయిన మొదటి నెలల్లో నుదుటి మీద ఉన్నదాని గురించే ఎక్కువగా మాట్లాడే సంఘం, హృదయంలో జరగవలసిన పనిని ఆలస్యం చేస్తున్నది. ముఖ్యంగా, భర్త బ్రతికి ఉండగా బొట్టు తీయడం మన ఊళ్లలో ఎలాంటి అర్థాన్ని ఇస్తుందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఆ ఇంట్లో ఆ గొడవ మొదలైతే, క్రీస్తును గురించి వినే అవకాశమే ఆ భర్తకు, అత్తగారికి మూసుకుపోతుంది. యేసు ఎవరో ఆమె బాగా తెలుసుకోనివ్వండి. మిగిలినది ఆమె మనస్సాక్షి, వాక్యం, సంఘం కలిసి తేల్చుకుంటాయి.

ఇక ఆరాధనకు రాకపోవడం. వెళ్లినప్పుడు "ఎందుకు రావడం లేదు?" అనే ప్రశ్నతో మొదలుపెట్టవద్దు, అది లెక్క అడిగినట్టు ఉంటుంది. బాబు ఎలా ఉన్నాడని అడగండి, కూర్చోండి, వినండి. కారణాలు మీరు అనుకున్నవి కాకపోవచ్చు. కూలి దొరికే రోజు ఆదివారమే అయి ఉండవచ్చు. అత్తగారు వద్దని ఉండవచ్చు. నెలసరి రోజుల్లో దేవుని స్థలానికి రాకూడదు, గ్రంథం ముట్టకూడదు అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న స్త్రీ, మనల్ని అడగడానికి సిగ్గుపడి, ఆ వారాలు ఇంట్లోనే ఉండిపోతుంది. పురుషుడైన పాస్టరు గారికి ఆమె ఈ సంగతి ఎన్నడూ చెప్పదు, మీకు చెబుతుంది. పన్నెండేండ్లు రక్తస్రావం గల స్త్రీ జనసమూహం మధ్యకు వచ్చి యేసు వస్త్రాన్ని ముట్టినప్పుడు, ఆయన ఆమెను దూరం పెట్టలేదు, "కుమారీ" అని పిలిచాడు. మార్కు అయిదవ అధ్యాయంలో ఉన్న ఆ సంఘటనను ఆమెతో కలిసి చదవండి. ఈ ఒక్క విషయానికే మీలాంటి స్త్రీ ఆమెకు ఎంత అవసరమో నేను ఎంత చెప్పినా తక్కువే.

మరొక కారణం ఉందేమోనని మీ ఉత్తరం చదివినప్పుడు నాకు అనిపించింది. ఆమెది వేరే వీధి, వేరే కులం అని మీరే రాశారు. ఆరాధన అయ్యాక మనవాళ్లందరూ బంధువుల్లాగా గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటారు, ఎందుకంటే నిజంగానే వారు బంధువులు. ఆ గుంపుల పక్కన ఒంటరిగా చెప్పులు వేసుకొని వెళ్లిపోయే కొత్త విశ్వాసిని ఎవరూ గమనించరు. అటు తన వీధిలో, ఆ పల్లెలోకి వెళ్తున్నదని ఆమెను మాటలంటారు. రెండు వైపులా తనది కాని చోటులో ఆమె నిలబడి ఉంది. ఇందులో మనం ఏం చేయాలో చెప్పడానికి గలతీ పత్రిక రెండవ అధ్యాయం చాలు. అన్యజనులలో నుంచి వచ్చిన విశ్వాసులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు, కొందరు వచ్చేసరికి భయపడి వెనక్కి తగ్గినప్పుడు, పౌలు అందరి ముందూ అతనిని ఎదిరించాడు. ఒక పంక్తిలో కూర్చోవడం మానడం సువార్త సత్యానికే విరుద్ధమని ఆయన ఎంచాడు. కాబట్టి ఆమె మీ ఇంట్లో భోజనం చేయాలి, ఆమె పిలిస్తే మీరు వారి ఇంట్లో చేయాలి. ఆరాధనలో ఆమె పక్కన కూర్చోండి. మీ ఆడపడుచులకు, తోటి స్త్రీలకు ఆమెను వదిన అనో చెల్లి అనో పరిచయం చేయండి, మనుషులను మనం వరుస పెట్టి పిలుస్తాము కదా, ఆ వరుస ఆమెకూ దొరకాలి. ఇది బోధ కంటే చిన్న పని అని అనుకోవద్దు. ఎంత మంచి ప్రసంగం విన్నా, కలిసి తినేవారు లేని చోట మనిషి నిలవదు.

భర్త విషయం. అతనికి తెలియకుండా ఆమెను ఎక్కడికీ తీసుకొని వెళ్లవద్దు, మీరు కలిసే వేళ, చోటు అతనికి తెలిసేలా ఉండనివ్వండి. నమ్మని భర్తను విడిచిపెట్టవద్దని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయం చెబుతుంది, మాటలకంటే ప్రవర్తనే అతనిని రాబడుతుందని పేతురు రాశాడు. అయితే అతడు చేయి చేసుకుంటున్నాడని మీకు తెలిస్తే, ఓర్చుకో, ప్రార్థించు అని మాత్రమే చెప్పి పంపకండి. పేతురు మాటలు దెబ్బలు తినమని చెప్పడానికి రాసినవి కావు. అలాంటప్పుడు ఆమె అనుమతితో పాస్టరు గారి కుటుంబానికి చెప్పండి, మహిళా సహాయవాణి 181 నంబరు ఆమెకు ఇవ్వండి, అవసరమైతే ఆ రాత్రికి మీ ఇంట్లో చోటివ్వండి.

కష్టంలో బియ్యమో డబ్బో సాయం చేయవలసి వస్తే చేయండి, అది ప్రార్థనకు వచ్చినందుకు ఇచ్చినట్టు మాత్రం ఎన్నడూ కనిపించకూడదు. ఆమె రాకపోయినా అదే సాయం చేసేవారని ఆమెకు తెలియాలి.

ఆమె మీకు చెప్పినది మీ దగ్గరే ఉండాలి. మన స్త్రీల కూడికలలో, ఫలానా సహోదరి కుటుంబం కోసం ప్రార్థించండి అంటూ ఇంటి గుట్టంతా బయటపెట్టడం అలవాటుగా మారింది. భక్తి పేరుతో జరిగినా అది కొండెములు చెప్పడమే. మరునాటికి ఆ మాట ఆమె అత్తగారి చెవిన పడుతుంది, ఆ తరువాత ఆమె ఎవరికీ ఏదీ చెప్పదు. ఆమె పేరు ఎత్తకుండా దేవునితో చెప్పుకోవడానికి మీకు మీ గది ఉంది.

పాస్టరు గారికి అప్పగించవలసినవి ఏమిటని మీరు అడగవచ్చు. ప్రభువు బల్ల, సంఘ సభ్యత్వం, సంఘ కట్టుబాట్లు ఆయనవి. కుల ధ్రువపత్రం, పిల్లల రిజర్వేషను వంటి ప్రశ్నలు ఆమె అడిగితే, మతం మారినప్పుడు చట్టంలో మార్పులు ఉంటాయి కాబట్టి మీరు ఊహించి జవాబు చెప్పవద్దు, తెలిసిన న్యాయవాదిని పాస్టరు గారి ద్వారా అడిగించండి. ఆ విషయంలో సత్యం దాచమని గాని, అబద్ధం రాయమని గాని సలహా ఇవ్వవద్దు. వాక్యంలో మీకు అర్థం కాని ప్రశ్న వస్తే, ఒక నోటుపుస్తకంలో రాసుకొని, ఆదివారం ఆమెను వెంటబెట్టుకొని ఇద్దరూ కలిసి పాస్టరు గారిని అడగండి. మీకు తెలియనిది మీరు అడిగి తెలుసుకోవడం ఆమె కళ్లారా చూడాలి. తనకూ అలా అడిగే హక్కుందని అప్పుడు ఆమెకు తెలుస్తుంది.

ఒక సంగతిని మొదటి నుంచే మనసులో పెట్టుకోండి. ఆమె మీ మీద ఆధారపడకుండా దేవుని వాక్యం మీద నిలబడాలి. ప్రతి చిన్న విషయానికి మిమ్మల్ని అడిగే స్థితి మొదట్లో సహజం. కొన్ని నెలల తరువాత కూడా అలాగే ఉంటే, జవాబు చెప్పే ముందు "మనం చదివిన దానిలో దీనికి ఏమైనా దొరుకుతుందా?" అని ఆమెనే వెతకనివ్వండి. సంఘంలో మరొక ఇద్దరు స్త్రీలతో ఆమెకు స్నేహం కలపండి. పౌలు కొరింథీయులకు, "నేను నాటితిని, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే" అని రాసినప్పుడు, ఒక విశ్వాసి వెనుక ఎప్పుడూ ఒక్కరే ఉండరని కూడా తెలియజేశాడు. మీ భాగం మీరు చేసి, మిగిలినవారికి చోటివ్వండి. కొన్నాళ్లు ఆమె వెనక్కి తగ్గినా, అది మీ లోపమేనని కుమిలిపోవద్దు, తలుపు తెరిచి ఉంచండి.

ఆమె పూర్తిగా నేర్చుకున్నాకే ఇతరులకు చెప్పాలని కూడా ఆగవద్దు. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య గారు బాప్తిస్మం పొందినవారి చేత తమ తలపై తమ చేయి ఉంచుకొని, సువార్తను ప్రకటింపకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవారు. కూలి పనులకు వెళ్లే, అక్షరం రాని పల్లె ప్రజల చేతే ఆయన ఆ మాట అనిపించారు. తనకు జరిగిన దానిని ఆమె తన కొడుకుకు చెప్పుకోవచ్చు, చదివిన సంఘటనను రాత్రి వాడికి కథగా వినిపించవచ్చు. తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో నివసించిందని పౌలు రాశాడు, ఆ తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడు. ఆమె ఇల్లూ అలాంటిదే.

వెళ్లే ముందు పాస్టరు గారికి ఒక ఫోను చేసి, ఆమెతో వారానికి ఒకటి రెండు సార్లు కలిసి చదవాలనుకుంటున్నానని చెప్పండి. ఆయన సంతోషిస్తారనే నా నమ్మకం. ఏ భాగం చదువుతున్నారో ఆయనకు తెలిస్తే ఆదివారం దానికి తగిన మాట కలపగలరు. బాబు జ్వరం తగ్గే వరకు చదవడం గురించి ఎత్తకపోయినా ఫరవాలేదు. ముందు ఆసుపత్రికి తోడు వెళ్లండి, మార్కు సువార్త ఆ తరువాతి వారం మొదలుపెట్టవచ్చు.